మా కుంటలో చేపలు ఎందుకు చచ్చాయి? బడిపిల్లల నోట్‌బుక్ చెప్పిన నిజం



పైన ఉన్న వీడియో చూసే ముందు ఒక మాట. డిసెంబర్‌లో నేను ఇక్కడే ఒక వీడియో పెట్టాను. మా ఊరి కుంటలో చచ్చి తేలిన చేపలను చూపిస్తూ, "పక్కనున్న పత్తి చేలల్లో కొట్టిన మందు వల్లే ఇదంతా" అని గట్టిగా చెప్పాను. మీలో చాలామంది షేర్ చేశారు. ఆ వీడియో ఇప్పుడు తీసేశాను. నేను చెప్పింది తప్పు. చేపల్ని చంపింది మా షెడ్డు నీళ్లు. పట్టుకున్నది మా ఊరి బడిపిల్లలు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా. నాకు తొమ్మిది ఆవులున్నాయి. జీవామృతం తయారుచేసి 20 లీటర్ల క్యాన్లలో అమ్ముతాను. షెడ్డులో 12 డ్రమ్ములు, ఒక్కోటి 200 లీటర్లది. షెడ్డు కుంటకు ఎగువన ఉంది. డ్రమ్ములు కడిగిన నీళ్లు, కొట్టం కడిగిన నీళ్లు ఒక చిన్న కాలువలో పడి కుంటలోకి పోయేవి. మూడేళ్లుగా అట్లాగే పోతున్నాయి. పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, ఇందులో విషం ఏముంది అనుకున్నా. అగ్రికల్చర్ డిప్లొమా చేసినోణ్ణి, నాకు తెలియకపోవడానికి సాకు కూడా లేదు.

మా హైస్కూల్లో నేషనల్ గ్రీన్ కోర్ క్లబ్ ఉంది. 2001-02లో దేశమంతా మొదలైన పథకం ఇది. చాలా బడుల్లో ఆగస్టులో మొక్కలు నాటి ఫొటో దిగడంతో సరిపోతుంది. మా బడికి వచ్చిన సైన్స్ మేడం మాత్రం పిల్లల్ని కుంట దగ్గరికి తీసుకుపోయింది. నవంబర్ నుంచి ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు మూడు చోట్ల కొలతలు తీస్తున్నారు: తూము దగ్గర, పత్తి చేల ఒర్రె కలిసే చోట, మా షెడ్డు కాలువ కలిసే చోట.

వాళ్ల సామాను వీడియోలో చూడండి, ముచ్చటేస్తుంది. పెయింట్ బకెట్ మూతను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులేశారు. కింద రాయి కట్టి, పది సెంటీమీటర్లకో ముడి వేసిన తాడుతో నీళ్లలోకి దింపుతారు. మూత కనపడకుండా పోయిన చోట ముడులు లెక్కపెడతారు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలిసిపోతుంది. శాస్త్రవేత్తలు వాడే సెక్కి డిస్క్ ఇదే. ఇక కర్రకు కట్టిన టీ జాలి, ఒక తెల్ల ట్రే. జాలితో అడుగున దేవి ట్రేలో పోసి, ఏ పురుగులు ఉన్నాయో చూసి బొమ్మ గీసుకుంటారు.

ఆ పురుగుల సంగతి మన రైతులకు పనికొచ్చేది, కొంచెం ఆగి చెప్తా. తూనీగ పుట్టేది నీళ్లలోనే. పిల్లగా ఉన్నన్నాళ్లు నీళ్లలో ఉండి దోమ పిల్లల్ని తింటుంది. రెక్కలొచ్చాక మన వరి మడి మీద తిరుగుతూ దోమల్ని, చిన్న పురుగుల్ని పట్టుకుంటుంది. మనం డబ్బులు పెట్టి మందు కొట్టే పనిని అది ఊరికే చేస్తుంది. దాని పిల్ల బతకాలంటే నీళ్లలో గాలి ఉండాలి, మందు ఉండకూడదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు నీళ్లలో చేరితే ముందు పోయేవి ఇట్లాంటి నీటి పురుగులే. ఇంకో రకం ఉంది, సన్నటి ఎర్ర పురుగులు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వాటిలోనూ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు. ఆక్సిజన్ బాగా తక్కువున్న బురదలో కూడా బతుకుతాయి. కాబట్టి ట్రేలో ఏముందో చూస్తే నీళ్ల ఆరోగ్యం సగం తెలుస్తుంది.

చేపలు చచ్చింది రెండు రోజులు ముసురు పట్టాక, మూడో రోజు తెల్లవారుజామున. నేను వీడియో పెట్టాను. పత్తి రైతు పేరు చెప్పలేదు గాని, ఊళ్లో అందరికీ ఎవరో తెలుసు. ఆయన నాకు వరసకు పెద్దనాయన అవుతాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు.

తర్వాతి సోమవారం పిల్లలు నా షెడ్డుకొచ్చారు. ఎనిమిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, "అన్నా, మీరు వీడియోల చెప్పింది మా లెక్కకు కలుస్తలేదు" అంది. నవ్వుతూనే కూర్చున్నా. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

తూము దగ్గర ఆరు ముడుల దాకా మూత కనిపిస్తోంది. పత్తి ఒర్రె దగ్గర నాలుగు. మా కాలువ దగ్గర ఒకటిన్నర, నీళ్లు పచ్చరంగు. ఒర్రె దగ్గర తూనీగ పిల్లలు చేపలు చచ్చిన తర్వాత కూడా ట్రేలో దొరికాయి. మా కాలువ దగ్గర మొదటి వారం నుంచీ ఉన్నవి ఎర్ర పురుగులే. "మందు అయితే ముందు తూనీగ పిల్లలు చావాలె గదా అన్నా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు చేపలు పట్టే తాతను అడిగాను. పెద్ద బొచ్చెలు, రవ్వలు ముందు చచ్చాయని, చిన్నవి పైకొచ్చి నోళ్లు తెరిచాయని, కొర్రమీనులకు ఏమీ కాలేదని చెప్పాడు. అంతే, విషయం తేలిపోయింది. కొర్రమీను పైకొచ్చి బయటి గాలి కూడా పీల్చుకుంటుంది. మందు తగిలితే చిన్నా పెద్దా తేడా లేకుండా, ఏ వేళైనా చస్తాయి. తెల్లవారుజామున, పెద్దవి ముందు పోతే అది ఆక్సిజన్ కరువు.

ఎట్లా జరిగిందంటే, మా నీళ్లలోని పేడ సారానికి నాచు విపరీతంగా పెరిగింది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ వాడుకుంటుంది. బెల్లం, పిండి తిని పెరిగిన సూక్ష్మజీవులూ వాడుకుంటాయి. రెండు రోజులు ఎండ లేకపోయేసరికి ఇచ్చేది తగ్గింది, వాడుకునేది తగ్గలేదు. ఎకరానికి 200 లీటర్లు పొలంలో పోస్తే మట్టికి బలం. అదే కుంటలో రోజూ పడితే చేపలకు ఊపిరాడదు.

పెద్దనాయన ఇంటికి పోయి చెప్పాను. ఆయన చాలాసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చుని, "నువ్వు సదువుకున్నోడివి, జెప్పినవంటే అందరు నమ్మిన్రు" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ఇప్పుడు షెడ్డు దగ్గర ఏం చేశానో వీడియో రెండో సగంలో ఉంది. డ్రమ్ము కడిగిన నీళ్లను బయట పోయడం లేదు, తర్వాతి డ్రమ్ములో కలుపుతున్నా. అందులోనూ సూక్ష్మజీవులు ఉంటాయి కదా, ఇన్నాళ్లూ వృథా చేశాను. షెడ్డు రేకుల మీది వాన నీళ్లు పేడను కడుక్కుపోకుండా గొట్టం పెట్టి వేరే దారి పట్టించాను. కొట్టం కడిగిన నీళ్లు ముందు ఒక గుంతలో నిలుస్తాయి. పేరుకున్నది తీసి ఎరువులో వేస్తాం. పైన తేరిన నీళ్లు ముప్పై అడుగుల కందకం గుండా పోతాయి. అందులో నేపియర్ గడ్డి, మెట్టతామర, వట్టివేరు వేశాను. గడ్డి ఆవులకే. జేసీబీ గంట కిరాయి, ఇద్దరు కూలీలు, అంతకంటే ఖర్చు కాలేదు. షెడ్డు పెట్టిన రోజే చేసుంటే పోయేది.

పిల్లలు అక్కడితో ఆగలేదు. కుంటను చిత్తడి నేలగా ప్రభుత్వంతో గుర్తింపజేయాలనుకున్నారు. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం కట్టిన వాటికి వర్తించవని మేడం చదివి చెప్పింది. మన చెరువులు, కుంటలు ఎక్కువ భాగం అట్లాంటివే మరి. దాంతో గ్రామసభకు పోయారు. స్ప్రే పంపులు కుంటలో కడగొద్దు, పూడిక తీసేటప్పుడు ఒక మూల జమ్ము, తుంగ వదిలేయాలి అని రెండే అడిగారు. అక్కడ కప్పలు గుడ్లు పెడతాయి, నీటికోళ్లు గూళ్లు కడతాయి. మొదటిది అందరూ ఒప్పుకున్నారు. రెండోదానికి పెద్ద గొడవ, జమ్ములో పాములు ఉంటాయని. చివరికి తూముకు దూరంగా ఒక మూల మాత్రం వదలడానికి ఒప్పుకున్నారు. పంపులు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు చీకటిపడ్డాక కడుగుతూనే ఉన్నారు. పెద్దనాయన మాత్రం చేను దగ్గరే కడుగుతున్నాడు.

పోయిన సోమవారం మా కాలువ దగ్గర మూడు ముడులు కనిపించాయి. తూనీగ పిల్ల ఇంకా ఒక్కటీ రాలేదు. ఎండాకాలం సెలవుల్లో కొలతలు ఎవరు తీస్తారని ఆ అమ్మాయిని అడిగాను. నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది.

"పొద్దుగాల ఎనిమిదింటికే తియ్యాలె అన్నా. మబ్బున్న రోజు మబ్బు అని రాయాలె."