గాంధారము దగ్గర పేచీ

కొన్ని నెలల క్రిందట మా స్టూడియోలో పాత నాటక పద్యముల ధ్వనిముద్రణ జరిగినది. పద్యము పాడు నటునికి ప్రక్కవాద్యముగా హార్మోనియం ఉన్నది. శ్రుతి నిండుగా ఉండునని మేము తంబురా కూడ ఏర్పాటు చేసినాము. ముద్రణ ఆరంభించుటకు ముందు వృద్ధుడైన హార్మనిస్టు చేయి ఎత్తి, "బాబూ, ఆ తంబురా ఆపించండి. రెండూ కలిస్తే గాంధారం దగ్గర పేచీ పెట్టుకుంటాయి" అన్నారు. ఆయన ధ్వనిశాస్త్రము చదివినవారు కారు. చెవితో గ్రహించినది చెప్పినారు, అంతే. ఆ మాటలో ఉన్న శాస్త్రమేమో, ఆ పేచీలో తప్పెవరిదో విచారించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

రెండు స్వరములు ఒకదానితో నొకటి కలిసిపోయి చెవికి హాయి గొల్పినచో వాటికి సంవాదము కలదందుము. ఆ హాయి వెనుక చిన్న చిన్న పూర్ణసంఖ్యలున్నవి. షడ్జము సెకనుకు 240 కంపనములు చేయుచున్నదనుకొందము. పై షడ్జము 480, అనగా రెండు రెట్లు. పంచమము 360, ఇది మూడుకు రెండు నిష్పత్తి. అంతర గాంధారము 300. ఇది అయిదుకు నాలుగు నిష్పత్తి. ఈ సంఖ్యలు శాస్త్రజ్ఞులు కల్పించినవి కావు. తీగ మ్రోగినప్పుడు మూలస్వరముతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్ల కంపనములు గల అనుస్వరములు కూడ సన్నగా పలుకును. తంబురాలో మంద్ర షడ్జపు తీగ 120 కంపనములు చేయుచుండగా దాని అయిదవ అనుస్వరము 600. అది తారస్థాయి అంతర గాంధారము. ఎవరును మీటకయే తంబురాలో గాంధారము వినవచ్చుటకు కారణమిదే. దానినే మనవారు స్వయంభూ గాంధారమందురు.

ఇంత సహజమైన స్వరమును హార్మోనియం ఏల పలుకదు? ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పంచమమునే షడ్జముగా భావించి దానికి పంచమము, మరల దానికి పంచమము, ఇట్లు పండ్రెండు మారులు పైకి పోయినచో ఏడు స్థాయిల పైనున్న షడ్జమును చేరవలెను. చేరుదుము కాని సరిగా చేరము. ఆ స్వరమును తిరిగి మొదటి స్థాయికి దించి చూచినచో 240కి బదులు 243.3 వచ్చును. ఎన్ని మారులు పోయినను ఇదే గతి. మూడును మూడుచే ఎంత గుణించినను బేసి సంఖ్యయే వచ్చును, రెండును రెండుచే గుణించినచో సరి సంఖ్యయే వచ్చును. ఆ రెండు ఎన్నడును సమానము కానేరవు.

గాంధారముతో ప్రయత్నించినను ఇంతే. గాంధారమునకు గాంధారము, దానికి మరల గాంధారము తీసికొన్నచో 300, 375, 468.75 వచ్చును, 480కి చేరదు. పంచమముల త్రోవన నాలుగు అడుగులు వేసినచో చతుశ్శ్రుతి రిషభము, ధైవతముల మీదుగా ఒక గాంధారము దొరకును. కాని అది 303.75, స్వయంభూ గాంధారము 300. పేరు ఒక్కటే, స్థానములు రెండు. కనుక మెట్ల వాద్యము చేయువాడు ఏదో ఒక సంవాదమును కొంత చెరుపక తప్పదు. ఎంత చెరుపవలెను, ఎక్కడ చెరుపవలెను అనుటయే అతని ముందున్న ప్రశ్న.

ఐరోపాలో ఆర్గన్ నిర్మాతలు ఒకప్పుడు గాంధారమును కాపాడి, పంచమములను కొంచెము కొంచెము తగ్గించినారు. అందువలన పదునొకండు పంచమములు వినదగినట్లుండినవి కాని, మిగిలిన ఒక్కటి మాత్రము భరింపరానిదయినది. దాని ఊళను విని వారు దానికి తోడేలని పేరు పెట్టినారు. అంతకంటె లోపమును అందరికి సమముగా పంచుటయే న్యాయమని తోచినవారు స్థాయిని పండ్రెండు సమభాగములు చేసినారు. ప్రతి మెట్టును దాని క్రింది మెట్టుకు 1.05946 రెట్లు. ఈ లెక్కను చైనా రాజకుమారుడు జు జాయ్‌యూ 1584లో కట్టినాడు. ఐరోపాలో అది నిలద్రొక్కుకొనుటకు చాల కాలము పట్టినది. ఈ పద్ధతిలో ఏ మెట్టునైనను షడ్జముగా గ్రహింపవచ్చును, తోడేలు ఎక్కడను ఉండదు. రచన మధ్యలో ఆధారస్వరమును మార్చుచు పోవు ఐరోపా సంగీతమునకు ఇది గొప్ప ఉపకారము.

ప్యారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1842లో హక్కు పత్రము పొందిన హార్మోనియం ఈ సమవిభాగముతోనే మన దేశమునకు వచ్చినది. దానిపై పంచమము 359.6. ఇది సహజ పంచమమునకు వెంట్రుకవాసి తక్కువ. షడ్జముతో కలిపి పలికించినచో ధ్వని సెకనుకు ఒక్క మారు కూడ ఊగదు. గాంధారము మాత్రము 302.4. తంబురాలోని స్వయంభూ గాంధారము 600 కాగా హార్మోనియం గాంధారపు రెండవ అనుస్వరము 604.8. ఈ రెండును కలిసినప్పుడు ధ్వని సెకనుకు దాదాపు అయిదు మారులు హెచ్చుచు తగ్గుచుండును. వీనినే విస్పందనములందురు. చెవికి గరగరగా తోచునది ఇదియే. వృద్ధ కళాకారుడు పేచీ అన్నది దీనినే.

మన పూర్వులకు ఈ చిక్కు తెలియనిది కాదు. 1550లో విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయములో స్వరమేళకళానిధి రచించిన రామామాత్యుడు వీణకు మెట్లు అమర్చుటలో దీనిని ఎదుర్కొనినాడు. అంతర గాంధార కాకలి నిషాదములకు వేరు మెట్లు పెట్టక, శ్రుతిమాత్ర భేదముతో సమీపమున ఉన్న చ్యుతమధ్యమ గాంధార చ్యుతషడ్జ నిషాదములనే వాటికి ప్రతినిధులుగా గ్రహించినాడు. అది కూడ సర్దుబాటే. అయితే వైణికుడు తంతిని లాగి మెట్టు ఇయ్యని స్వరమును సాధింపగలడు. హార్మోనియం వాయించువానికి ఆ వీలు లేదు.

ఈ కారణము చేతను, గమకము పలుకదను కారణము చేతను ఆలిండియా రేడియో 1940 మార్చి 1 నుండి హార్మోనియంను తన సంగీత కార్యక్రమముల నుండి బహిష్కరించినది. రవీంద్రనాథ ఠాగూరు కూడ ఆ వాద్యమునకు వ్యతిరేకియే. 1971లో నిషేధము కొంత సడలించబడినది. నడుమ ముప్పదియొక్క సంవత్సరములు గడిచినవి. ఆంధ్ర రంగస్థలముపై పద్యమునకు ఊపిరి పోసిన వాద్యము అంతకాలము మా సంగీత కార్యక్రమములకు దూరమయినది. ఒక జీవితకాలపు సాధన గల హార్మనిస్టులకు అది చిన్న నష్టము కాదు.

నాటి వాదములో గాంధారమును గురించిన భాగము సత్యమే. కాని అది వాద్యపు దోషము కాదు, దానికి కూర్చిన శ్రుతి దోషము. రీడు కొనను కొంచెము గీకినచో స్వరము హెచ్చును, మొదట గీకినచో తగ్గును. మన గాయకుడు కచ్చేరి అంతయు సాధారణముగా ఒకే షడ్జమును ఆధారముగా చేసికొని పాడును గనుక, ఆ ఒక్క షడ్జమునకు సరిపడునట్లు గాంధారమును 300కు దింపుట సాధ్యమే. ఎర్నెస్ట్ క్లెమెంట్స్, దేవల్ ఇరువదిరెండు శ్రుతుల హార్మోనియం చేయించి 1916లో బరోడా సంగీత పరిషత్తులో ప్రదర్శించినారు. అయితే అట్లు సవరించిన వాద్యముపై షడ్జమును మరియొక మెట్టుకు మార్చినచో మరల ఏదో ఒక స్వరము చెడును. అనేక గాయకులకు, అనేక శ్రుతులకు ఒకే పెట్టెను వాడు నాటక సమాజములకు సమవిభాగమే గతి అగుట ఇందుచేతనే.

గమకమును గురించిన ఆక్షేపణ వేరు. తోడి గాంధారమును మెట్లపై పలికించుట ఏ సవరణ చేతను సాధ్యము కాదు. అందుచేత వీణకు బదులుగా హార్మోనియంను కోరువాడు నిరాశపడును. ఎలుగెత్తి పద్యము పాడు నటునికి తోడుగా కోరువానికి దానితో పని నెరవేరును.

ఆ దినము మేము తంబురా ఆపివేసినాము. ముద్రణ చక్కగా వచ్చినది. ఇంట హార్మోనియం, తంబురా రెండును గల శ్రోతలు రెండింటికి ఒకే షడ్జము కూర్చి, మొదట పంచమమును, పిమ్మట అంతర గాంధారమును ఒక్కొక్క నిమిషము పట్టి ఉంచి వినవలెనని మనవి. ఏ హార్మోనియం సమవిభాగమున ఉన్నదో, ఏది సవరించినదో లెక్కలతో పని లేకయే తెలియగలదు.