అర్ధరాత్రి గుండెల మీద కూర్చునేదెవరు?

తొమ్మిదింటికి పడుకున్న పిల్లాడు పదిన్నరకల్లా కెవ్వుమని లేచి కూర్చుంటాడు. కళ్లు తెరిచే ఉంటాయి, ఎదురుగా ఉన్న అమ్మ మాత్రం ఆనదు. ఒళ్లంతా చెమట, గుండె దడదడ. దగ్గరికి తీసుకోబోతే తోసేస్తాడు. కాసేపటికి తనంతట తానే వాలిపోయి నిద్రపోతాడు. తెల్లారి అడిగితే ఏమీ గుర్తుండదు. ఆ రాత్రి కన్నంటుకోనిది పెద్దవాళ్లకే.

మన ఇళ్లలో దీనికి ఒకటే మాట: జడుసుకున్నాడు. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తారు. ఆంజనేయస్వామి గుడిలో తాయెత్తు కట్టిస్తారు, దర్గాకు తీసుకెళ్లి నెమలీకల కట్టతో తట్టిస్తారు. సుశ్రుతుడైతే పిల్లల్ని పట్టే బాలగ్రహాలు తొమ్మిదని లెక్క తేల్చాడు. పూతన అందులో ఒకతె.

ఇది పీడకల వల్ల వచ్చేది కాదని, గాఢనిద్ర నుంచి మెలకువ సరిగా రాకపోవడమేనని రోజర్ బ్రాటన్ అనే పరిశోధకుడు 1968లో 'సైన్స్' పత్రికలో రాశాడు. మెదడులో భయపడే భాగం లేస్తుంది, గుర్తుపెట్టుకునే భాగం పడుకునే ఉంటుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి జాముల్లోనే కాబట్టి కేకలూ అప్పుడే. నిద్ర చాలకపోయినా, జ్వరమొచ్చినా, టాన్సిల్స్ వాచి గురక పెడుతున్నా ఇది ఎక్కువవుతుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది. చాలామందికి పెద్దయ్యేసరికి దానంతటదే పోతుంది. తాయెత్తుకు దక్కిన పేరులో సగం వయసుదే. మిగతా సగం తాయెత్తుకే ఇచ్చేద్దాం, కనీసం అమ్మ అయినా నిద్రపోతుంది!

పిల్లాణ్ని కుదిపి లేపకూడదు, దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు. రోజూ ఒకే వేళకు వస్తుంటే ఆ వేళకు పావుగంట ముందే మెల్లగా లేపి మళ్లీ పడుకోబెట్టమంటారు వైద్యులు. ఒకే రాత్రి పదేపదే వచ్చినా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా ఫిట్స్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

గుండెల మీద కూర్చునేది మాత్రం వేరే. అది ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. మెలకువ వచ్చేస్తుంది, గది కనిపిస్తూనే ఉంటుంది. చెయ్యి కదలదు, అరుద్దామంటే గొంతు పెగలదు. ఛాతీ మీద ఏదో బరువు, మంచం పక్కన ఎవరో ఉన్నారన్న గుబులు. కలలు కనేవేళ మనం లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలకముందే మెలకువ వస్తే జరిగేది ఇదే. ఛాతీ కండరాలు కూడా సాయం రావు కనుక ఊపిరి బరువవుతుంది.

కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో దీన్ని ముసలి మంత్రగత్తె పని అంటారు. ఆ కథ ఎన్నడూ విననివాళ్లు కూడా అచ్చం అదే అనుభవం చెప్పారని జానపద పరిశోధకుడు డేవిడ్ హఫర్డ్ 1982లో తన పుస్తకంలో చూపించాడు. అంటే సాక్షులు నిజమే చెప్పారు, ముద్దాయిని గుర్తుపట్టడంలోనే తేడా వచ్చింది.

అయితే హ్మాంగ్ ప్రజల విషయంలో కథ అంత తేలిగ్గా తెగలేదు. లావోస్ నుంచి అమెరికా చేరిన ఈ శరణార్థుల్లో 1970ల చివర నుంచి ఆరోగ్యంగా ఉన్న యువకులు రాత్రి పడుకుని తెల్లారేసరికి చనిపోయి కనిపించారు. 1981లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ దీనిపై నివేదిక వెలువరించింది. ఛాతీ మీద కూర్చునే 'దా చో' అనే దయ్యమే చంపిందన్నారు వాళ్ల పెద్దలు. కొత్త దేశంలో పూర్వపు పూజలు చేసుకోలేకపోయామన్న భయం కూడా ప్రాణం మీదికి తెచ్చిందని పరిశోధకురాలు షెల్లీ ఆడ్లర్ వాదన. 1992లో బ్రుగాడా సోదరులు గుండె విద్యుత్ లయలో ఒక లోపాన్ని వర్ణించారు. ఆగ్నేయాసియాలో నిద్రలో పోతున్న మగవాళ్లలో చాలామందికి ఆ లోపమే ఉందని తర్వాత తేలింది.

థాయ్‌లాండ్ ఈశాన్య పల్లెల్లో మగవాళ్లను విధవ దయ్యం ఎత్తుకుపోతుందని ఇళ్ల ముందు ఎర్రచొక్కాలు వేలాడదీశారు. తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న మన ఊళ్లకు ఇదేమీ వింత కాదు. రాసుకున్నా తప్పులేదు. కానీ ఏ ఇంట్లోనైనా వయసులో ఉన్నవాడు కారణం తెలియకుండా నిద్రలో పోతే, తోబుట్టువులందరికీ ఈసీజీ తీయించి గుండె వైద్యుడికి చూపించాలి. బ్రుగాడా సోదరులు చెప్పిన ఆ లోపం ఉన్నవాళ్లకు జ్వరం పెద్ద గండం. అది వచ్చిన రాత్రే తగ్గించాలి.