సైకిల్ హ్యాండిల్ వణుకుతోందా? మాకు ఫోన్ సగం చెప్పింది, మిగతా సగం వేలు చెప్పింది

ఇక్కడ నేను రాసేవి ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే. ఈసారి గ్యాడ్జెట్ కాస్త పెద్దది. మా తమ్ముడి మౌంటెన్ బైక్.

మొన్న వీకెండ్‌కి హైదరాబాద్ నుంచి నేరేడుచర్ల వెళ్తే, వాడి మోచెయ్యి మొత్తం గీరుకుపోయి ఉంది. మిర్యాలగూడ రోడ్డు మీద ముందు వెళ్తున్న వడ్ల ట్రాక్టర్ సడన్‌గా ఆగిందట. ముందు బ్రేక్ నొక్కగానే హ్యాండిల్ టకటకా కొట్టుకుని, సైకిల్ రోడ్డు దిగి మట్టిలో పడేసింది. "రెండు నెలల నుంచి ఊగుతూనే ఉందన్నా. పైన బోల్టు ఎంత టైట్ చేసినా మళ్లీ అంతే" అన్నాడు. ఆ సైకిల్ ఆన్‌లైన్‌లో కొన్నది నేనే. బాక్సులోంచి తీసి హ్యాండిల్ బిగించింది కూడా నేనే. అందుకే ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది.

ముందు ఫోన్ పని

జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఉంది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ డేటాను గ్రాఫ్‌గా చూపిస్తుంది. అందులో 'యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్' ఓపెన్ చేస్తే వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో తెలుస్తుంది.

లెక్క సింపుల్. 27.5 అంగుళాల చక్రానికి 2.1 టైరు వేస్తే చుట్టుకొలత దాదాపు 2.15 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు 5.56 మీటర్లు. అంటే చక్రం సెకనుకు సుమారు 2.6 సార్లు తిరుగుతుంది. రిమ్ వంకరైనా, టైరు సరిగ్గా కూర్చోకపోయినా గ్రాఫ్‌లో 2.6 హెర్ట్జ్ దగ్గర పీక్ రావాలి. స్పీడ్ పెరిగితే పీక్ కూడా జరగాలి.

మాకు అలాంటి పీక్ రాలేదు. బ్రేక్ నొక్కినప్పుడు మాత్రం గ్రాఫ్ ఒక్కసారిగా పైకి లేచింది. అంటే చక్రం మీద అనుమానం తగ్గింది, ఏదో జాయింట్ లూజుగా ఉందన్న అనుమానం పెరిగింది.

ఒక జాగ్రత్త: దీనికి పాత ఫోన్ వాడండి. పవర్‌ఫుల్ మోటార్‌సైకిల్ ఇంజిన్ వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ స్వయంగా చెప్పింది. సైకిల్‌కి ఇంజిన్ లేకపోయినా కొత్త ఫోన్‌తో రిస్క్ ఎందుకు?

తర్వాత చేతి పని

1. చక్రం హబ్: ఫోర్క్‌ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రిమ్‌ని పక్కలకు ఊపండి. టక్ మంటే ముందు యాక్సిల్ బిగుతు చూడండి. అది బాగుంటే హబ్ బేరింగ్ లూజు.

2. హెడ్‌సెట్: అంటే ఫోర్క్, ఫ్రేమ్ కలిసే చోట ఉండే బేరింగ్‌లు. ముందు బ్రేక్ పట్టుకుని, కింది కప్పు సందు మీద వేలు పెట్టి, సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపండి. వేలికి కదలిక తెలిస్తే లూజు అక్కడే.

3. ఫోర్క్ బుషింగ్: అలాగే ఊపుతూ, ఫోర్క్ పైగొట్టం కిందిదాంట్లోకి దిగే చోట వేలు పెట్టండి.

4. బ్రేక్: డిస్క్ బ్రేక్ ప్యాడ్లు క్యాలిపర్‌లో కొంచెం కదిలినా హెడ్‌సెట్ లూజులాగే అనిపిస్తుంది. అందుకే హ్యాండిల్‌ని పూర్తిగా పక్కకు తిప్పి మళ్లీ ఊపండి. అప్పుడూ టక్ మంటే హెడ్‌సెట్టే. శబ్దం పోతే బ్రేక్ మీద, ఫోర్క్ మీద చూపు పెట్టండి. క్యాలిపర్ బోల్టులు కూడా చెక్ చేయండి.

మాకు రెండో టెస్ట్‌లోనే దొరికింది. హ్యాండిల్ పక్కకు తిప్పినా టక్ మంటూనే ఉంది.

తప్పు ఎక్కడ జరిగింది?

స్టెమ్ పైన ఉండే టాప్ క్యాప్ బోల్టు హ్యాండిల్‌ని పట్టుకోదు. బేరింగ్‌ల మీద కొంచెం ఒత్తిడి పెట్టడమే దాని పని. పట్టుకునేవి స్టెమ్ పక్కన ఉండే రెండు బోల్టులు. అవి టైట్‌గా ఉన్నంతసేపు పైబోల్టు ఎంత తిప్పినా ఉపయోగం లేదు. నేను మొదటిరోజే పక్క బోల్టులు ముందు బిగించేశా. తమ్ముడు రెండు నెలలు పైదాన్ని తిప్పుతూ కూర్చున్నాడు.

కరెక్ట్ ఆర్డర్ ఇది: పక్క బోల్టులు లూజ్ చేయాలి. టాప్ క్యాప్‌ని కొంచెం కొంచెంగా, టక్ శబ్దం పోయేవరకు మాత్రమే బిగించాలి. స్టెమ్‌ని చక్రానికి నిటారుగా పెట్టి, పక్క బోల్టులు రెండింటినీ మార్చి మార్చి బిగించాలి. ఎంత టార్క్ అన్నది మామూలుగా స్టెమ్ మీదే రాసి ఉంటుంది. చివరగా ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్ దానంతట అది పక్కకు వాలాలి. బిగుసుకుపోతే ఎక్కువ టైట్ చేసినట్టే.

తక్కువ ధర సైకిళ్లలో చాలావాటికి ఈ సిస్టమ్ ఉండదు, పెద్ద నట్లు ఉంటాయి. వాటికి రెండు పెద్ద స్పానర్లు కావాలి. సైకిల్ షాపుకి తీసుకెళ్లడమే మంచిది. బుషింగ్ అరిగినా అంతే.

మాకైన ఖర్చు సున్నా. రెండు అలెన్ కీలు, 15 నిమిషాలు. కానీ ఆ రోజు ట్రాక్టర్ వెనక ఇంకో లారీ ఉండి ఉంటే? ఆన్‌లైన్ సైకిల్ బాక్సు విప్పిన ప్రతి అన్నా, ప్రతి అక్కా ఒకసారి బ్రేక్ పట్టుకుని, సందులో వేలు పెట్టి చూడండి. నేను ఆ పని మొదటిరోజే చేయాల్సింది.