నల్లరాతి నుంచి కొల్లేటి దాకా



మీ భూగోళం పుస్తకంలో దూరదేశాల సరస్సుల బొమ్మలు చూసే ఉంటారు. చుట్టూ నల్లని కొండలు, మధ్యన అద్దంలాంటి నీరు. అటువంటి సరస్సుల్లో కొన్ని అగ్నిపర్వతాల నోళ్లలో నీరు చేరి ఏర్పడినవి. మరికొన్ని హిమానీనదాలు తవ్విన గుంటలు. హిమానీనదమంటే మంచునది. అది మన గోదావరిలా గలగల పారదు. కొండ మీద పేరుకున్న మంచు తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతుంది. జారుతూ, తన అడుగున చిక్కుకున్న రాళ్లతో, వడ్రంగి చెక్కను చిత్రిక పట్టినట్టు నేలను గీకుతుంది.

ముప్పై ఏళ్ల క్రితం నేనీ పాఠం చెబుతూ ఉండగా వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, మన జిల్లాలో అగ్నిపర్వతం గాని, మంచునది గాని ఉన్నదాండీ?" అని అడిగాడు.

"లేవురా. మనది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రునేల. ఇక్కడ నిప్పూ లేదు, మంచూ లేదు. కూర్చో," అన్నాను.

పిల్లలందరూ నవ్వారు. వాడు కూర్చున్నాడు. కాని మర్నాడు ఉదయం ఒక నల్లరాయి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ల నాన్న రాతి క్వారీలో పనిచేసేవాడు. "దీన్నిండా సన్న బెజ్జాలున్నాయండీ. ఎందుకున్నాయో మా నాన్నకు తెలియదన్నాడు. మీకు తెలుస్తుందని తెచ్చాను," అన్నాడు.

నాకూ తెలియదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అయింది. "సరేలే, చూస్తాను," అని రాయి తీసుకున్నాను. ఆ తరువాత చాలా ఏళ్లు అది నా కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పడి ఉన్నది.

నేను ఉద్యోగం విరమించిన తరువాత, భూగర్భశాస్త్రం చదివిన ఒక మిత్రుడు మా యింటికి వచ్చి ఆ రాయి చూశాడు. చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇది లావా గదండీ! మీకెక్కడిది?" అన్నాడు.

ఆ మాటతో నా ప్రాణం చివుక్కుమన్నది. కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లూ నా బల్ల మీదనే ఉన్నది!

మొన్న సంక్రాంతి సెలవులకు మనవడూ, మనవరాలూ వచ్చారు. మనవరాలు ఒక బొమ్మల పుస్తకం తెరిచి, "తాతయ్యా, ఇలాంటి సరస్సు చూపించవూ?" అన్నది. ఈసారి నేను లేదనలేదు. "పదండి, చూపిస్తాను," అన్నాను.

మొదట రాజమహేంద్రవరానికి ఉత్తరాన, ఊరికి ఆనుకునే ఉన్న కాతేరు వెళ్లాము. ఆ తరువాత వంతెన దాటి, కొవ్వూరు మీదుగా పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు పోయాము. ఆ ప్రాంతమంతా నల్లరాతి క్వారీలే. మన రోడ్ల మీద పరిచే కంకర చాలా భాగం అక్కడిదే. లారీలు తిరిగే దారికి దూరంగా, గట్టు మీదనే నిలబడి చూశాము. మీరూ క్వారీ గోతిలోకి దిగకండి. పెద్దవాళ్లు లేకుండా ఆ దరికే పోకండి.

ఆ రాతి పేరు బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం పడమటి కనుమల ప్రాంతంలో నేల పగుళ్లు విచ్చి, లావా పొంగి ప్రవహించింది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఒక పొర చల్లారి గట్టిపడిన తరువాత దాని మీద మరొక పొర. దక్కను పీఠభూమిలో పెద్దభాగం అలా పేర్చిన అట్లదొంతి వంటిదే. ఆ లావా అప్పటి నదుల లోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి మన రాజమహేంద్రవరం దాకా వచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అదే నిజమైతే భూమి మీద అంత దూరం పారిన లావా మరొకటి లేదనే చెప్పాలి.

రాతిలోని బెజ్జాల సంగతి కూడా చెబుతాను. అట్టు పోసినప్పుడు పిండిలోని ఆవిరి పైకి తన్నుకొచ్చి చిల్లులు పడతాయి గదా! లావాలో ఉన్న వాయువులూ అలాగే బుడగలై పైకి వస్తాయి. బయటపడక ముందే లావా గట్టిపడితే బుడగ ఉన్నచోట బెజ్జం మిగిలిపోతుంది. కుర్రవాడు అడిగినది దీనినే.

"అయితే సరస్సు ఏదీ?" అన్నాడు మనవడు.

ఈ ప్రాంతపు క్వారీలలో రెండు నల్లని లావా పొరల నడుమ తెల్లని సున్నపురాతి పొర ఒకటి ఉన్నది. అందులో నత్తగుల్లలు, ఆల్చిప్పలు రాళ్లై ఉన్నాయి. నిప్పులా కాగిన లావాలో నత్త బతుకుతుందా? బతకదు. మరి అవి ఎలా వచ్చాయి? మొదటి లావా చల్లారింది. దాని మీదికి నీరు వచ్చి నిలిచింది. అది సముద్రానికి దగ్గర చోటు గనుక ఉప్పునీరూ, మంచినీరూ కలిసిన మొగ వంటి నీరు అది. అందులో నత్తలూ, ఆల్చిప్పలూ పుట్టి, పెరిగి, తరతరాలుగా బతికాయి. వాటి గుల్లలు అడుగున పేరుకున్నాయి. తరువాత మళ్లీ లావా వచ్చి అంతటినీ కప్పేసింది. ఆరు కోట్ల ఏళ్లు దాటినా ఆ నీటిమడుగు అడుగు అలాగే ఉన్నది. లావా నేల మీద నీరు నిలిచిన చోటు కావాలంటే ఐస్లాండు దాకా పోనక్కరలేదు, చూశారా!

మనవరాలు, "మరి మంచునది?" అన్నది.

అదీ ఉన్నది. గోదావరి లోయలో ఎగువకు పోతే, చంద్రపూర్ ప్రాంతంలో, పెన్‌గంగ దగ్గర ఇరై అనే చోట నున్నగా సాన పట్టినట్టున్న సున్నపురాయి ఉన్నది. దాని మీద సమానంగా, ఒకే దిక్కుకు సాగే గీతలున్నాయి. ఆ గీతలు గీసినది మంచునదే. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం మన దేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. అప్పుడీ లోయలో మంచు కదిలింది. ఆ మంచు విడిచిపోయిన రాళ్లూ మట్టీ పొరలై మిగిలాయి. వాటికి పైన, తరువాతి కాలంలో పెరిగిన అడవులు కప్పబడిపోయి సింగరేణి బొగ్గు అయినవి. అంటే నేను ఆ కుర్రవాడికి చెప్పినదానిలో రెండు ముక్కలూ తప్పే. గోదావరి లోయలో నిప్పూ పారింది, మంచూ పారింది.

మర్నాడు రైలులో ఏలూరు వెళ్లి, అక్కడినుంచి బస్సులో కైకలూరు చేరాము. పక్కనే ఆటపాక. అక్కడ కొల్లేటి పక్షుల కేంద్రం ఉన్నది. గట్టున నిలబడేసరికి పిల్లలు మాట మరిచిపోయారు. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు వందల కొద్దీ! కొన్ని చెట్ల మీద, కొన్ని వాటికోసం నీటిలో నిలిపిన ఇనుప మంచెల మీద గూళ్లు కట్టుకున్నాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తన తల మొత్తం ఆ సంచిలోకి దూర్చి చేపలు తింటున్నది.

"ఇది అగ్నిపర్వతం నోరా, మంచునది గుంటా?" అని మనవడు అడిగాడు.

రెండూ కాదు. కొల్లేరును చేసినవి కృష్ణా గోదావరులు. కళ్లంలో రెండు ధాన్యపు రాశులు పక్కపక్కన పోస్తే నడుమ పల్లం మిగులుతుంది గదా! ఈ రెండు నదులూ వేల సంవత్సరాలుగా ఒండ్రు తెచ్చి చెరొక డెల్టా పోశాయి. నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీరు తెచ్చి అందులో పోస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. లోతు తక్కువ గాని వైశాల్యంలో దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఇదొకటి.

గోదావరి పుట్టినది త్ర్యంబకం దగ్గర, ఆ లావా కొండల్లోనే. వాన ఆ నల్లరాతిని కొద్దికొద్దిగా అరగదీస్తుంది. నది ఆ పొడిని ఒండ్రుగా 1465 కిలోమీటర్లు మోసుకొస్తుంది. ఆ ఒండ్రే మన డెల్టా. ఆ డెల్టా అంచున పల్లమే కొల్లేరు. ఆ లెక్కన కొల్లేరు ఆనాటి లావాకు మునిమనవరాలన్న మాట!

చూడగానే నమ్మరాదనడానికి మరొక సంగతి. మహారాష్ట్రలో లోనార్ అనే సరస్సు ఉన్నది. లావారాతి నేలలో 1.8 కిలోమీటర్ల వెడల్పున గుండ్రని గొయ్యి. చూసిన వారెవరైనా అగ్నిపర్వతం నోరే అనుకుంటారు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు కూడా అలాగే అనుకున్నారు. కాని అది ఆకాశం నుంచి ఉల్క పడి చేసిన గొయ్యి అని రాళ్లను పరీక్షించాక తేలింది.

మేము గట్టు మీద చద్ది తింటూ ఉండగా ఒక ముసలి జాలరి వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు మీరు చూస్తున్నది కొంచెమేనండి బాబూ. మా చిన్నప్పుడు తాటిదోనెలో బయలుదేరితే పొద్దుగుంకినా గట్టు అందేది కాదు," అన్నాడు.

అతని మాట నిజమే. చేపల చెరువులకోసం సరస్సులో గట్లు వేశారు. నీరు పోయే దారులు మూసుకుపోయాయి. 1999లో ప్రభుత్వం దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, అనగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చాలా గట్లు కొట్టివేశారు. అయినా తగవు తీరలేదు. గట్టు కొడితే దాని మీద బతికే వారి కూడు ఏమి కావాలి? కొట్టకపోతే సరస్సు ఏమి కావాలి? ఇది పెద్దలు కూర్చుని, ఇద్దరికీ న్యాయం చేసి తేల్చవలసిన లెక్క.

కాని కొల్లేరు పక్షులకోసమే కాదు. వరద వచ్చినప్పుడు అది పెద్ద గాదె వంటిది. ఏర్ల నీటిని ఒక్కసారిగా తనలో నింపుకుని, మెల్లగా సముద్రానికి విడుస్తుంది. గాదె చిన్నదైతే ధాన్యం అరుగు మీద పడినట్టే, సరస్సు చిన్నదైతే నీరు పొలాల మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో ఎన్నో పేటలు మునిగాయి. ఆ బుడమేటి ప్రయాణం ముగిసేది కొల్లేటిలోనే. ఏటికి ఎగువనైనా, దిగువనైనా చోటు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి.

ఇంటికి వచ్చాక మనవరాలు నా బల్ల మీది నల్లరాయి తీసి, "దీనిని ఇచ్చిన అబ్బాయికి జవాబు చెప్పావా, తాతయ్యా?" అని అడిగింది.

చెప్పలేదు. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. నాకు తెలియదని ఆనాడే చెప్పి ఉంటే, ఇద్దరమూ కలిసి తెలుసుకునేవాళ్లము. ఈ వ్యాసమే వాడికి నా జవాబు. చదివితే సంతోషం. వాడి పిల్లలు చదివినా సంతోషమే.

మీరూ ఒక పని చేయండి. మీ ఊరి రాయి ఒకటి, కాలువ గట్టు మట్టి ఒక పిడికెడు తెచ్చి బడిలో బల్ల మీద పెట్టండి. ఇది ఎక్కడనుంచి వచ్చిందని మాస్టారిని అడగండి. ఆయన "తెలియదు, చూద్దాం" అంటే ఆయన మంచి మాస్టారు. నాలాగా "లేదు, కూర్చో" అంటే, మర్నాడు మళ్లీ అడగండి.