పసరు మందు తాగే ముందు

దంపతులారా! "పసరు తాగితే కడుపు పోతది, ఎవలకూ తెల్వది" అని జగిత్యాల, కోరుట్ల దిక్కు ఎవరైనా చెబితే నమ్మకండి. చెట్టు మందే గదా అనుకుంటాం. గన్నేరు కూడా చెట్టే గదా! దాని వేరైనా, ఆకైనా గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు. జిల్లేడు పుల్ల పెట్టించుకుంటే గర్భసంచికి చీము పడుతుంది.

నెల తప్పితే ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి. వాడిన సాధనం విఫలమై నిలిచిన గర్భాన్ని 20 వారాల లోపు అర్హత గల డాక్టరుతో తీయించుకోవడానికి 1971 నాటి చట్టం ఒప్పుకుంటుంది. పేరు బయటపెట్టరు.

మాలా-ఎన్ బిళ్లలు వాడే ఆడవాళ్లు ఏ కషాయం తాగుతున్నా సిస్టరుకు చెప్పాలి. కొన్ని మూలికలు బిళ్ల బలాన్ని తగ్గిస్తాయి.

ఇప్పటికే పసరు తాగి వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే 108కి ఫోన్ చేయండి. మిగిలిన మందు వెంట తీసుకపోండి.