వేషాల రంగులు ఇంట్లోనే చేసుకోవచ్చా?

బడిలో వార్షికోత్సవం. మీ అబ్బాయిది హనుమంతుడి వేషం, అమ్మాయిది కృష్ణుడి వేషం. బజారు రంగు పూస్తే ముఖం దద్దుర్లెక్కుతుందేమోనని మీ భయం. "ఆకులతో, మట్టితో మనమే చేసుకుంటే ఏ ప్రమాదమూ ఉండదు గదా?" అని మీరు అడగవచ్చు.

చేసుకోవచ్చు. కాని ప్రకృతిలో దొరికినదల్లా చర్మానికి మంచిదనుకోవడం పొరపాటు. వెనుకటి వేషధారులు ముఖానికి పూసుకున్న అర్దళం భూమిలో దొరికే ఖనిజమే. అందులో ఉన్నది పాషాణం! ఇంగిలీకంలో ఉండేది పాదరసం. కనుక ఖనిజపు రంగుల జోలికి పోకండి.

చెరువు మట్టి, కుమ్మరి మట్టి కూడా వద్దు. మట్టిలో ధనుర్వాత క్రిములుంటాయి. ముఖానికి వాడేందుకని అమ్మే తెల్లని కేయోలిన్ పొడి కొనండి. పల్చని గుడ్డలో జల్లించండి. ఆ దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

హనుమంతుడికి: చెంచాడు జాఫ్రా గింజలను రెండు చెంచాల కొబ్బరినూనెలో వేసి సన్నని సెగ మీద వెచ్చచేయండి. మాడనివ్వకండి. గింజల రంగు నూనెలోకి దిగుతుంది. వడగట్టి, బాగా చల్లారాక మట్టిపొడి కొద్దికొద్దిగా కలిపి మెత్తగా నూరండి. చక్కని సిందూరపు వన్నె వస్తుంది.

కృష్ణుడికి: పది నీలి శంఖుపూల రేకులను పావుగ్లాసు వేడినీళ్ళలో నానబెట్టండి. వడగట్టిన నీటిలో మట్టిపొడి, నాలుగు చుక్కల గ్లిజరిన్ కలపండి. లేతనీలం వస్తుంది. నిమ్మరసం తగిలితే ఊదాగా మారుతుంది, జాగ్రత్త.

పసుపు కలిపిన రంగును సబ్బుతో కడిగితే ఎర్రబడుతుంది. గాభరా పడకండి, అది పసుపు గుణం. ముందు కొబ్బరినూనెతో తుడిచి, తర్వాత కడగండి.

అన్నిటికన్నా ముఖ్యం: వేషానికి రెండు రోజుల ముందే కొంచెం రంగు చేసి, మోచేతి మడతలో రాసి చూడండి. దురదగాని, ఎరుపుగాని కనిపిస్తే ఆ రంగు మానేయండి. వేషానికి మళ్ళీ తాజాగా కలుపుకోండి. మిగిలినది దాచకండి, పారబోయండి. కనురెప్పలకు, పెదవులకు, పుండ్లకు, మొటిమలకు పూయవద్దు. మూడేళ్ళలోపు పసివాళ్ళకు అసలే వద్దు.

వేషం ముగియగానే రంగు కడిగేయండి. ముఖం వాచినా, కళ్ళు మండినా చిట్కా వైద్యాలతో కాలయాపన చేయక డాక్టరుకు చూపించండి. పిల్లలకు చప్పట్లు ఎంత అవసరమో, మర్నాడు ముఖం హాయిగా ఉండడమూ అంతే అవసరం గదా!