పూర్వ ప్రాథమిక దశలో నృత్య బోధన: తొలి తరగతులు

4.1 పరిచయం

మూడు నుంచి ఐదు సంవత్సరాల వయస్సు పిల్లలకు నృత్యం నేర్పడం అనగానే మనలో చాలామందికి పాఠశాల వార్షికోత్సవం గుర్తుకు వస్తుంది. ఒక సినిమా పాట, దానికి అయిదారు కదలికలు, రెండు వారాల సాధన. వేదిక మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు చేస్తుంటే మిగిలినవారు వారిని చూస్తూ నిలబడతారు. ఒక బాబు ఏడుస్తాడు, ఒక పాప ప్రేక్షకులలో అమ్మను వెతుక్కుంటుంది. తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. అది వేడుక, దానిని తప్పుపట్టనవసరం లేదు. అయితే ఆ రెండు వారాలలో పిల్లలు నేర్చుకున్నది ఏమిటని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఈ వయస్సు పిల్లలకు నృత్యంలో నిజంగా నేర్పదగినది ఏమిటి, దానిని ఏ క్రమంలో నేర్పాలి అనే విషయాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిది సంవత్సరాల వరకు గల వయస్సును పునాది దశగా గుర్తించి, ఆట ద్వారా జరిగే అభ్యసనానికి ప్రాధాన్యం ఇచ్చింది. కాబట్టి అంగన్‌వాడీలోగాని, పూర్వ ప్రాథమిక పాఠశాలలోగాని పనిచేయబోయే వారికి ఈ విషయ పరిజ్ఞానం అవసరం. ఇందుకు మీరు నర్తకులు కానవసరం లేదు.

4.2 తొలి పాఠం: ఆగడం

పిల్లలకు కదలడం ఎవరూ నేర్పనక్కరలేదు. వారికి రానిది ఆగడం. పరుగెత్తుతున్న నాలుగేళ్ల పాపను ఆగమంటే ఆమె ఇంకా రెండు మూడు అడుగులు వేసిన తరువాతగాని ఆగలేదు. ఇది అవిధేయత కాదు. చెవి విన్నదానిని శరీరం వెంటనే పాటించేంత నియంత్రణ ఆమెకు ఇంకా ఏర్పడలేదు. నృత్యానికి కావలసిన మొదటి శక్తి ఇదే.

స్విస్ సంగీతకారుడు ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్ (1865–1950) జెనీవాలో సంగీత విద్యార్థులకు బోధిస్తూ, స్వరాలు బాగా తెలిసినవారు కూడా లయ తప్పడం గమనించాడు. లయను శరీర కదలికల ద్వారా నేర్పే పద్ధతిని ఆయన రూపొందించాడు. సంకేతం వినగానే నడక మొదలుపెట్టడం, మరో సంకేతానికి ఆగిపోవడం ఆ పద్ధతిలో ముఖ్యమైన అభ్యాసం. మన వీధుల్లో పిల్లలు ఆడే ‘స్టాచ్యూ’ ఆట సరిగ్గా ఇదే పని చేస్తుంది.

తరగతిలో దీనిని ఇలా చేయవచ్చు. సుద్దముక్కతో నేల మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క వలయం గీయండి. అది ఆ పిల్లవాడి ‘ఇల్లు’. కంజిరగాని, చిన్న డప్పుగాని మోగుతున్నంతసేపు అందరూ గదిలో నడవాలి. మోత ఆగగానే ఎక్కడివారు అక్కడ బొమ్మల్లా నిలబడాలి. మొదటి రోజు రెండు లెక్కల సేపు నిలబడితే చాలు. తరువాత ‘మోత ఆగితే ఇంటికి’ అనండి. అందరూ ఒకే వలయంలోకి దూరుతారు, తోసుకుంటారు, నవ్వుతారు. కంగారు పడకండి. తన శరీరం ఎంత చోటు తీసుకుంటుందో, పక్కవారికి ఎంత చోటు వదలాలో పిల్లలు నేర్చుకునేది ఇక్కడే. దీనినే స్థల స్పృహ అంటాం.

4.3 లయ: ఎవరి వేగం?

శాస్త్రీయ నృత్యంలో ఏ అడుగునైనా ముందు మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా నేర్పి, తరువాత రెండవ, మూడవ కాలాలకు వెళతారు. నెమ్మదిగా చేయడం సులువని మనకు అనిపిస్తుంది. నాలుగేళ్ల పిల్లల విషయంలో ఇది తిరగబడుతుంది. వారి సహజ లయ పెద్దవారి లయ కంటే వేగమైనది. పైగా నెమ్మదిగా అడుగు వేయాలంటే ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలవాలి. అది ఈ వయస్సులో కష్టమైన పని. అందువల్ల ముందుగా పిల్లల నడకను చూసి, ఆ వేగానికి మీరు కంజిర వాయించండి. వారి లయ మీ చేతికి చిక్కిన తరువాతనే దానిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పెంచుతూ వెళ్లండి.

జతులు నేర్పడానికి తెలుగు మాటలు బాగా పనికివస్తాయి. లఘువుల గురించి మీరు ఛందస్సులో చదివే ఉంటారు. ‘అరటి’ అనే మాటలో మూడు లఘువులు ఉన్నాయి, అది ‘తకిట’. ‘చిలకలు’ నాలుగు, అది ‘తకధిమి’. ‘మరమరలు’ అయిదు, అది ‘తకతకిట’. పిల్లలు ఈ మాటలను పలుకుతూ చప్పట్లు కొడితే తిశ్రం, చతురశ్రం, ఖండం అనే పేర్లు తెలియకుండానే వాటి నడక పట్టుబడుతుంది. ‘మరమరలు’ దగ్గర తడబడని పిల్లలు అరుదు. పెద్దలు కూడా ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు.

4.4 అడవులు, హస్తాలు: ఎంతవరకు?

కూచిపూడిలోగాని, భరతనాట్యంలోగాని అడవులకు ఆధారం అరమండి. మోకాళ్లు వంచి, పక్కలకు తెరిచి కూర్చున్నట్లు నిలబడే ఈ భంగిమలో తెరుచుకోవలసింది తుంటి కీలు. చిన్న పిల్లలకు ఆ పట్టు ఇంకా ఉండదు. పాదాలను బలవంతంగా పక్కలకు తిప్పిస్తే మోకాళ్లు లోపలికి వాలి, భారమంతా వాటి మీద పడుతుంది. పాదం బలంగా తట్టే అడుగులను సిమెంటు నేల మీద పదేపదే చేయించడం కూడా మంచిది కాదు. ‘మా పాపకు నాలుగేళ్లకే అడవులన్నీ వచ్చు’ అని గర్వంగా చెప్పే తల్లిదండ్రులు ఉంటారు. వారితో వాదించకుండా, అడవులు ఎందుకు ఆగవచ్చో ఓపికగా వివరించవలసిన బాధ్యత మీది. ఈ లోగా కప్పగంతులు, కొంగలా ఒంటికాలి మీద నిలవడం, ఏనుగు నడక వంటివి చేయిస్తే అరమండికి కావలసిన బలం దానంతట అదే వస్తుంది.

హస్తాల విషయంలోనూ ఎంపిక అవసరం. వేళ్లన్నీ చాచి కలిపి ఉంచే పతాకం, పిడికిలి బిగించే ముష్టి, వేళ్ల కొసలన్నీ కలిపే ముకుళం మూడేళ్ల పిల్లలకు కూడా వస్తాయి. ఉంగరపు వేలిని ఒక్కదానిని వంచి బొటనవేలికి తాకించే మయూరం చాలామందికి రాదు; రెండో చేత్తో వేలిని పట్టి వంచుకుంటారు. అలపద్మం ఇంకా కష్టం. కాని ముకుళాన్ని మొగ్గగా పట్టించి, ‘పువ్వు విచ్చుకుంటోంది’ అంటూ వేళ్లను మెల్లగా విప్పిస్తే, అలపద్మం పూర్తిగా కుదరకపోయినా వేళ్లకు మంచి సాధన అవుతుంది.

కుడి, ఎడమ అనే మాటలు ఈ వయస్సులో గందరగోళం కలిగిస్తాయి. ‘కిటికీ వైపు చేయి’, ‘తలుపు వైపు చేయి’ అనండి. మీరు పిల్లలకు ఎదురుగా నిలబడినప్పుడు అద్దంలో బింబంలా చేయండి. అంటే వారు కిటికీ వైపు చేయి ఎత్తాలంటే మీరూ కిటికీ వైపు చేయే ఎత్తాలి.

4.5 కూర్చుండిపోయే పిల్లలు

ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు గోడకు ఆనుకుని కూర్చుండిపోతారు. వారిని చేయి పట్టి లాగడం, ‘చూడు, అందరూ ఎంత బాగా చేస్తున్నారో’ అని పోల్చడం సాధారణంగా జరిగే పొరపాట్లు. అలా కూర్చున్న పిల్లలు చాలాసార్లు మిగిలినవారి కంటే శ్రద్ధగా చూస్తూ ఉంటారు. బడిలో ఒక్క అడుగు వేయని పాప ఇంటికి వెళ్లి తరగతి మొత్తం నానమ్మకు చేసి చూపిస్తుంది. ఆ సంగతి ఇంటివారు చెబితేగాని మనకు తెలియదు. కాబట్టి తల్లిదండ్రులను అడగండి. అటువంటి పాపకు కంజిర ఇచ్చి, ‘నువ్వు ఆపితేనే అందరూ ఆగుతారు’ అని చెప్పి చూడండి.

కృత్యం: మీకు దగ్గరలోని అంగన్‌వాడీ కేంద్రానికి టీచర్ అనుమతితో వెళ్లి, ‘ఆగడం’ ఆటను పది నిమిషాలు ఆడించండి. మోత ఆగిన తరువాత ఎవరు ఎన్ని అడుగులకు ఆగారో గమనించండి. వారం తరువాత అదే ఆటను మళ్లీ ఆడించి, కనిపించిన తేడాలను ఒక పుటకు మించకుండా రాయండి.